అంధ ఆటగాళ్లకు అక్షరాల నేలమాళిగ: ఏ పద్ధతిలో కట్టాలి?

అక్షరాలతో నడిచే ఆట కాబట్టి అంధులకు ఇబ్బందేమీ ఉండదని చాలామంది అనుకుంటారు. నేనూ అలాగే అనుకొని, చంద్రగిరి కోట కింద ఒక సొరంగం ఉన్నట్టు కల్పించి, గోడలకు ఒక గుర్తు, నేలకు ఒక చుక్క, తలుపుకు ఒక గీత పెట్టి నేలమాళిగ ఆట ఒకటి రాశాను. తిరుపతిలో మా వీధిలోనే ఉండే ఒక డిగ్రీ విద్యార్థికి దాన్ని ఇచ్చాను. అతడు పుట్టు అంధుడు. కంప్యూటర్‌ను ఎన్‌వీడీఏ అనే స్క్రీన్ రీడర్‌తో, అంటే తెరమీది అక్షరాలను చదివి వినిపించే సాఫ్ట్‌వేర్‌తో, నా చెవికి ఒక్క ముక్క కూడా అందనంత వేగంగా వింటూ వాడతాడు. ఎంటర్ నొక్కి, కాసేపు తల వంచుకొని విన్నాడు. తరువాత, "అన్నా, ఇది గోడల లెక్క చెప్తా ఉండాది గానీ, దావ యాడుండాదో చెప్పలేదే" అన్నాడు.

అతడన్న ఆ ఒక్క మాటతో నాకు అసలు తేడా తెలిసివచ్చింది. అక్షరాలతో కథ చెప్పడం ఒకటి, అక్షరాలతో బొమ్మ గీయడం మరొకటి. 1976 ప్రాంతంలో విల్ క్రౌథర్ కెంటకీలోని మామత్ గుహల ఆధారంగా రాసిన, 1977లో డాన్ వుడ్స్ విస్తరించిన 'కొలాసల్ కేవ్ అడ్వెంచర్' గదులను వాక్యాల్లో వర్ణించింది. 1980లో వచ్చిన 'రోగ్' అవే అక్షరాలను తెరమీద పేర్చి పటం గీసింది. కంటికి రెండూ అక్షరాల ఆటలే, చెవికి మాత్రం మొదటిదే ఆట. అయితే మొదటి దారిలోనే ఇప్పుడు నాలుగైదు పద్ధతులున్నాయి. తెలుగులో ఇలాంటి ఆట రాయాలనుకొని వాటి మధ్య తేల్చుకోలేక ఆగిపోయినవారి కోసం ఈ పోలిక రాస్తున్నాను.

ముందు ఏం చూడాలి

పద్ధతి ఏదైనా నేను ఐదు ప్రశ్నలు వేసుకుంటాను. మొదటిది, వేగం ఎవరి చేతిలో ఉంది? వినేవాడు ఆపితే ఆట ఆగాలి, లేకపోతే వాక్యం సగంలో ఉండగానే మీద రాక్షసుడు పడతాడు. వెబ్ అందుబాటు ప్రమాణాలైన డబ్ల్యూసీఏజీలో కూడా గడువు పెట్టిన చోట దాన్ని ఆపుకొనే, పెంచుకొనే వీలు ఉండాలన్న నియమం ఉంది. రెండవది, జారిపోయిన మాటను మళ్లీ వినే దారి ఉందా? చూపున్నవాడు కన్ను పైకెత్తి పై వరుసను చదువుకుంటాడు. వినేవాడికి చెవి దాటిన మాట పోయినట్టే.

మూడవది, గదుల అమరిక మనసులో నిలుస్తుందా? నాలుగవది, ఒక్క పని చేయడానికి ఎన్ని మీటలు నొక్కాలి, తెలుగులో టైపు చేయాలా? ఐదవది, ఫోనులో ఆడవచ్చా? నాకు తెలిసిన అంధ యువకుల్లో కంప్యూటర్ ఉన్నవారు తక్కువ, ఆండ్రాయిడ్ ఫోనులో టాక్‌బ్యాక్ అనే స్క్రీన్ రీడర్ పెట్టుకొని వాడేవారు ఎక్కువ. అందువల్ల ఈ ఐదవ ప్రశ్నకు నేను మిగిలినవాటికంటే ఎక్కువ బరువు ఇస్తాను.

| పద్ధతి | వేగం ఎవరి చేతిలో | మళ్లీ వినడం | తెలుగులో శ్రమ | ఫోనులో |
|---|---|---|---|---|
| ఆదేశాలు టైపు చేసే ఆట | ఆటగాడి చేతిలో | సులువు | చాలా ఎక్కువ | కష్టం |
| ఎంపికల ఆట | ఆటగాడి చేతిలో | పేజీ కట్టే తీరును బట్టి | తక్కువ | బాగుంటుంది |
| టెర్మినల్‌లో పైథాన్ ఆట | ఆటగాడి చేతిలో | మధ్యస్థం | మధ్యస్థం | కుదరదనే చెప్పాలి |
| మడ్, అంటే పలువురు కలిసి ఆడేది | సర్వర్ చేతిలో | ఆడే సాఫ్ట్‌వేర్‌ను బట్టి | ఎక్కువ | కష్టం |
| గడుల పటం, అంటే రోగ్ తరహా ఆట | ఆటగాడి చేతిలో | అర్థం లేదు | తక్కువ | కష్టం |

ఆదేశాలు టైపు చేసే ఆట

"దీపం తీసుకో", "ఉత్తరానికి వెళ్లు" అని ఆటగాడు రాస్తే ఆట జవాబు చెప్పే పద్ధతి ఇది. 1993లో గ్రాహం నెల్సన్ మొదలుపెట్టిన ఇన్‌ఫామ్ దీనికి ప్రధానమైన పరికరం. 2006లో వచ్చిన ఇన్‌ఫామ్ 7లో కార్యక్రమాన్ని, అంటే కంప్యూటర్ ప్రోగ్రామును, దాదాపు ఇంగ్లీషు వాక్యాల్లోనే రాస్తారు. చెవికి ఇంతకంటే మేలైన అమరిక లేదని నా అభిప్రాయం. ఆటగాడు అడిగేదాకా ఆట మౌనంగా ఉంటుంది, అడిగినదానికే బదులిస్తుంది, మళ్లీ "చూడు" అంటే గది మొత్తం మళ్లీ చెబుతుంది. గదిలో ఏముందో తడుముకొని తెలుసుకొనే అనుభవం కూడా దీనిలోనే ఉంది. ఎంపికల జాబితా ఉన్న ఆటలో దాచిన వస్తువు పేరును ఆటే ముందుగా బయటపెట్టేస్తుంది.

చిక్కంతా తెలుగులో వస్తుంది. ఇంగ్లీషులో వస్తువు పేరు ఎక్కడ వచ్చినా రూపం మారదు. మనకు "దీపం" కాస్తా "దీపాన్ని" అవుతుంది, "దీపంతో" అవుతుంది, బహువచనంలో "దీపాలు", "దీపాలను" అవుతుంది. తలుపు విషయంలో ఒకరు "తియ్యి" అంటారు, మరొకరు "తీయి" అంటారు, ఇంకొకరు "తెరువు" అంటారు. "తాళంచెవితో తలుపు తియ్యి" అన్నా, "తలుపు తాళంచెవితో తియ్యి" అన్నా మనకు ఒకటే. ఇన్‌ఫామ్ వ్యాకరణం మూలంలో ఇంగ్లీషు కోసం కట్టినది కాబట్టి ఈ విభక్తులనూ ఈ స్వేచ్ఛనూ దానికి నేర్పడం ఆట రాయడంకంటే పెద్ద పని.

దీనికి తోడు కంటికి కనబడని చిక్కులు రెండున్నాయి. యూనికోడ్‌లో ఐత్వాన్ని ఒకే గుర్తుగానూ నిల్వ చేయవచ్చు, ఎత్వానికి కింద మరొక గుర్తు చేర్చి రెండుగానూ నిల్వ చేయవచ్చు. రెండూ ఒకేలా వినిపిస్తాయి, కంప్యూటర్‌కు మాత్రం వేరు వేరు. నేలమాళిగ ఆటలో తరచుగా వాడే "పైకి" అనే ఆదేశంలోనే ఈ ఐత్వం ఉంది. అలాగే పొల్లు తరువాత అక్షరం కలవకుండా ఉండేందుకు కొన్ని కీబోర్డులు చేర్చే అదృశ్య గుర్తు ఒకటుంది. అది ఉన్న మాటా లేని మాటా సరిపోలవు. ఆటగాడు సరిగ్గానే రాస్తాడు, ఆట "అర్థం కాలేదు" అంటుంది, తప్పెక్కడో తెరను వినేవాడికి ఎప్పటికీ తెలియదు. కాబట్టి ఎవరైనా తెలుగు ఆదేశాల ఆట రాయదలిస్తే, వచ్చిన మాటను మొదట యూనికోడ్ ప్రామాణిక రూపంలోకి మార్చి, ఆ అదృశ్య గుర్తును తీసివేసి, ఆ తరువాతే పోల్చాలి.

దిక్కుల విషయంలో మాత్రం తెలుగు మనకు ఒక మేలు చేసింది. మనకు మూలలకు విడివిడిగా పేర్లున్నాయి. ఈశాన్యం, ఆగ్నేయం, నైరుతి, వాయవ్యం. వాస్తు పుణ్యాన చదువు లేనివారికి కూడా ఇవి నోటికి వచ్చు. "ఈ", "ఆ", "నై", "వా", "ఉ", "ద", "తూ", "ప" అని ఒక్కొక్క అక్షరంతో ఎనిమిది దిక్కులూ వచ్చేస్తాయి. ఎడమ, కుడి అని రాసినప్పుడు ఆటగాడు తాను ఎటు తిరిగి ఉన్నాడో కూడా గుర్తు పెట్టుకోవాలి. దిక్కుల పేర్లతో ఆ భారం ఉండదు. ఈ ఒక్క అంశాన్ని మీరు ఏ పద్ధతి ఎంచుకున్నా వాడుకోవచ్చు.

ఎంపికల ఆట

గది వర్ణన, దాని కింద మూడు నాలుగు ఎంపికలు, ఒకటి నొక్కితే తరువాతి గది. 2009లో క్రిస్ క్లిమస్ తయారుచేసిన ట్వైన్, 2016లో ఇంకిల్ సంస్థ అందరికీ ఉచితంగా విడుదల చేసిన ఇంక్ ఈ కోవలోవి. రెండింటి ఆటలూ వెబ్ పేజీగా వస్తాయి కాబట్టి ఫోనులో వేలు పక్కకు జరిపి ఎంపిక మీదికి వచ్చి, రెండుసార్లు తట్టితే చాలు. టైపు చేయనక్కరలేదు, విభక్తుల గొడవ లేదు. తెలుగులో మొదటి ఆట రాసేవారికి నేను చెప్పేది ఈ పద్ధతే.

ఈ రెండింటిలో ఏది? కథ కొమ్మలు కొమ్మలుగా పోయేదైతే, కార్యక్రమాలు రాయడం రానివారు గీతలతో కలిపిన పెట్టెలను చూస్తూ ట్వైన్‌లో త్వరగా కట్టగలరు. ఇక్కడే ఒక మాట చెప్పాలి. పెట్టెల పటం చూపున్న రచయితకు అనుకూలం, రచయితే అంధుడైతే కాదు. ఇంక్‌లో కథంతా మామూలు పాఠ్యంగా, వరుసగా రాస్తారు. ఏ ఎడిటర్‌లోనైనా స్క్రీన్ రీడర్‌తో రాయవచ్చు, దిద్దవచ్చు. మా వీధి అబ్బాయి ఇప్పుడు తన సొంత ఆటను ఇంక్‌లోనే రాస్తున్నాడు. గదులు, తాళాలు, సంచిలోని వస్తువులు, దెబ్బలు వంటి లెక్కలు ఎక్కువగా ఉండే నేలమాళిగకు కూడా ఇంక్ నాకు నచ్చింది.

ఈ పద్ధతిలో ప్రమాదం పేజీ కట్టే తీరులో ఉంది. ఎంపికను నొక్కగానే పాత పాఠ్యం పోయి కొత్తది వస్తుంది. కంటికి అది చక్కగా ఉంటుంది. స్క్రీన్ రీడర్ నిలబడి ఉన్న బటనే మాయమైతే, అది పేజీ మొదటికి పోతుంది, లేదా ఏమీ పలకకుండా ఊరుకుంటుంది. అప్పుడు ఆటగాడికి నొక్కినది పనిచేసిందో లేదో తెలియదు, మళ్లీ నొక్కుతాడు. దీనికి రెండు మందులున్నాయి. గది పేరును శీర్షికగా పెట్టి, గది మారగానే దృష్టి కేంద్రాన్ని, అంటే స్క్రీన్ రీడర్ నిలబడే చోటును, ఆ శీర్షిక మీదికి పంపడం ఒకటి. మారిన పాఠ్యాన్ని తనంతట తానే పలికించే అరియా-లైవ్ విభాగంలో ఉంచడం రెండవది. రెండవదానిలో మాట ఒక్కసారి వినిపించి పోతుంది, మధ్యలో ఎవరైనా పిలిస్తే పోయినట్టే. అందువల్ల నేను గదులకు శీర్షికను, "ఎక్కడో తలుపు మూసుకున్న చప్పుడు" వంటి చిన్న సంగతులకు అరియా-లైవ్‌ను వాడతాను. ఆ లైవ్ విభాగాన్ని 'పొలైట్' పద్ధతిలోనే ఉంచండి. 'అసర్టివ్' అయితే వింటున్న మాటను నరికి మరీ దూరుతుంది. రెండు మందులనూ ఒకే పాఠ్యానికి వేస్తే ప్రతి గదినీ రెండుసార్లు వినాల్సి వస్తుంది.

మరొక పొరపాటు చాలామంది మంచి ఉద్దేశంతోనే చేస్తారు. "1 నొక్కితే మొదటి ఎంపిక" అని అంకెలకు దారులు కడతారు. ఎన్‌వీడీఏ పేజీని చదివే స్థితిలో 1 నుంచి 6 వరకు అంకెలను ఆయా స్థాయి శీర్షికలకు దూకడానికి వాడుకుంటుంది కాబట్టి ఆ అంకె ఆటదాకా చేరదు. ఎంపికలను నిజమైన బటన్లుగా ఇవ్వండి, లేదా అంకె రాయడానికి ఒక పెట్టె పెట్టండి. చివరిగా, పేజీ భాష తెలుగు అని హెచ్‌టీఎంఎల్‌లో, అంటే పేజీని కట్టే కోడ్‌లో, తప్పక ప్రకటించండి. లేకపోతే ఇంగ్లీషు గొంతు తెలుగును చదవబోయి తడబడుతుంది, లేదా పూర్తిగా వదిలేస్తుంది.

టెర్మినల్‌లో పైథాన్ ఆట

పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష నేర్చుకుంటున్న విద్యార్థులు సాధారణంగా ఇక్కడే, అంటే అక్షరాలు మాత్రమే వరుసలుగా వచ్చే టెర్మినల్ విండోలో, మొదలుపెడతారు. కొత్తగా వచ్చిన వరుసలను ఎన్‌వీడీఏ తనంతట తానే చదువుతుంది కాబట్టి నేర్చుకోవడానికి ఇది మంచి మెట్టు. అయితే తెరను తుడిచి మళ్లీ గీసే పద్ధతి వాడకూడదు. విండోస్ కమాండ్ విండోలో తెలుగు అక్షరాలు విరిగి కనబడతాయి కనుక కొద్దిగా చూపున్న ఆటగాళ్లకు ఇబ్బంది అవుతుంది. ఫోను గలవారికి ఈ ఆట అందదు.

మడ్

ఎసెక్స్ విశ్వవిద్యాలయంలో 1978లో రాయ్ ట్రబ్‌షా మొదలుపెట్టి, రిచర్డ్ బార్టల్ కొనసాగించిన ఆట పేరే ఈ జాతి మొత్తానికి స్థిరపడింది. పలువురు ఒకే నేలమాళిగలో ఒకేసారి తిరుగుతారు, మాట్లాడుకుంటారు, కలిసి పోరాడతారు. అంధ ఆటగాళ్లు ఏళ్ల తరబడి చూపున్నవారితో సమానంగా ఆడుతున్న చోటు ఇదే. 'ఆల్టర్ ఇయాన్' వంటి మడ్‌లు ఈ విషయంలో పేరు పొందాయి. స్నేహం కావలసినవాడికి మిగిలిన ఏ పద్ధతీ దీనికి సాటి రాదు.

ఇక్కడ వేగం మాత్రం సర్వర్ చేతిలో ఉంటుంది. గదిలో ఐదుగురు పోరాడుతుంటే వరుసలు వరదలా వచ్చిపడతాయి, అన్నీ వినేలోపు ప్రాణం పోతుంది. మడ్ కట్టేవారు పోరాటాన్ని వంతుల వారీగా నడపాలి, లేదా ఒక రౌండులో జరిగినదంతా ఒకే వాక్యంగా కుదించే అమరికను ఆటగాడికి ఇవ్వాలి. "నీ కత్తి తగిలింది, గబ్బిలం తప్పించుకుంది, నీకు చిన్న దెబ్బ" అంటే చాలు. పైథాన్ తెలిసినవారికి ఎవెన్నియా అనే ఉచిత చట్రం ఉంది. అది తెలుగు యూనికోడ్‌ను తీసుకుంటుంది, స్క్రీన్ రీడర్ వాడేవారికి అలంకార గుర్తులను తీసివేసే అమరిక కూడా దానిలో ఉంది. ఆడేవారికి కంప్యూటర్‌లో మడ్‌లెట్, మష్‌క్లయింట్ అనే సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి. సర్వర్‌ను రాత్రింబవళ్లు నడపాలి, తగువులు తీర్చే పెద్దమనిషి ఒకరుండాలి. పది పదిహేనుమంది క్రమం తప్పక ఆడతారన్న నమ్మకం కుదిరాకే దీనిలోకి దిగండి. ఖాళీ మడ్ కంటే ఒంటరి చోటు మరొకటి లేదు.

గడుల పటం

ఇప్పటికే రోగ్ తరహా ఆట రాసి ఉంచుకున్నవారు దాన్ని పారేయనక్కరలేదు. పటం పక్కన ఒక "చుట్టూ ఏముంది" ఆదేశం చేర్చి, దగ్గరి వస్తువు నుంచి దూరపు వస్తువు వరకు వరుసగా, "ఎలుగుబంటి, ఈశాన్యానికి మూడు అడుగులు, తలుపు, తూర్పుకు ఐదు అడుగులు" అని చెప్పించండి. "తలుపు దాకా నడువు" అనే ఆదేశం కూడా ఉంటే ఆట ఆడదగినదవుతుంది. కొత్తగా మొదలుపెట్టేవారికి మాత్రం నేను దీన్ని సూచించను.

ఏ పద్ధతిలోనైనా వాక్యం ఎలా ఉండాలి

పరికరం ఎంపికకంటే ఎక్కువ తేడా వాక్యంలో వస్తుందని నా అనుభవం. నా పాత ఆటలో ఒక గది ఇలా మొదలయ్యేది: "మసక వెలుతురులో నీ కళ్ల ముందు ఎర్రటి గోడలున్న ఒక పెద్ద మండపం కనిపిస్తుంది, దానికి మూడు ద్వారాలున్నాయి." విసుగు లేకుండా విన్న ఆ అబ్బాయి, గది పేరు తెలిసేసరికి సగం వాక్యం అయిపోయిందని చెప్పాడు. ఇప్పుడది ఇలా ఉంది: "మండపం. దారులు: ఉత్తరం, తూర్పు, కిందికి మెట్లు. అడుగు వేస్తే పైకప్పు నుంచి చప్పుడు తిరిగివస్తుంది. తూర్పు నుంచి తడి మట్టి వాసన." పేరు ముందు, దారులు తరువాత, అనుభూతి చివర. రెండవసారి వచ్చినప్పుడు మొదటి రెండు ముక్కలే పలుకుతాయి. ఆదేశాలు టైపు చేసే ఆటలకు పేరుపొందిన ఇన్ఫోకామ్ సంస్థ ఆటల్లో వర్ణనను పొడుగ్గా, పొట్టిగా, మరీ పొట్టిగా మార్చుకునే ఆదేశాలు ఉండేవి. ఆ అలవాటును మనం మరిచిపోకూడదు. తెరమీది అక్షరాలను వేలికి తగిలే చుక్కలుగా చూపే, పద్నాలుగో ఇరవయ్యో గళ్ల బ్రెయిలీ పరికరం మీద చదివేవారికి కూడా ఈ వరుసే అనుకూలం.

అలిపిరి కాలినడక దారిలో 3,550 మెట్లున్నాయి. చూపు లేకుండా ఆ దారి ఎక్కేవారు మెట్లన్నీ లెక్కపెట్టరు. గాలిగోపురం దగ్గర తగిలే గాలి, పైకప్పు ఉన్న చోట మారే గోవింద నామాల మోత, ఎండ తగిలే మలుపు వారికి ఆనవాళ్లు. నేలమాళిగలో ప్రతి గదికీ అలాంటి ఆనవాలు ఒక్కటి, మరే గదికీ లేనిది, ఉంటే పటం దానంతట అదే మనసులో నిలుస్తుంది. అట్లని "చూడు" అనే మాటకు భయపడవలసిన పని లేదు. మా వీధి అబ్బాయి "నిన్న మ్యాచ్ చూసినా" అనే అంటాడు. అతనికి ఇబ్బంది కలిగించేది ఆ మాట కాదు, రంగు తెలిస్తే తప్ప విప్పలేని చిక్కుముడి.

అంకెలను కూడా మాటల్లోనే రాయండి. "15/20" అని పెడితే మధ్యలో గీత పేరు పలుకుతుంది, లేదా తారీఖులా వినబడుతుంది. "ఇరవైలో పదిహేను ప్రాణం" అంటే స్పష్టం. పోరాటంలో ప్రతి దెబ్బకూ దాన్ని చెప్పించకండి, అడిగినప్పుడు చెప్పండి, ప్రాణం అయిదుకు పడిపోయినప్పుడు మాత్రం అడగకపోయినా చెప్పండి.

ఎవరికి ఏది

ఫోను మాత్రమే ఉన్న ఆటగాళ్ల కోసం తెలుగులో రాస్తుంటే ఇంక్, దానిచుట్టూ మీరే జాగ్రత్తగా కట్టిన వెబ్ పేజీ. కార్యక్రమాలు రాయడం రాక, కొమ్మల కథ చెప్పదలిస్తే ట్వైన్. ఇంగ్లీషులో ఆడే, కీబోర్డు మీద చేయి తిరిగిన ఆటగాళ్ల కోసమైతే సందేహం లేకుండా ఇన్‌ఫామ్. తెలుగులోనే ఆదేశాల ఆట కావాలన్న పట్టుదల ఉంటే, క్రియలను ఇరవైకి, వస్తువులను గదికి మూడుకు మించకుండా పెట్టుకొని, పైథాన్‌లో సొంతంగా రాసి వెబ్ పేజీలో నడపండి. విభక్తి రూపాలన్నీ వస్తువు పక్కన చేత్తో రాసిపెట్టడం ఆ పరిమాణంలో సాధ్యమే. ఇప్పటికే ఆడే బృందం ఉంటే ఎవెన్నియా.

ఏది ఎంచుకున్నా మొదటి మూడు గదులు కాగానే ఒక అంధ ఆటగాడి చేతికి ఇవ్వండి, మీరు పక్కన కూర్చొని నోరు మెదపకండి. అతని వేళ్లను గమనించండి. ఒకే బటన్‌ను రెండుసార్లు నొక్కితే గది మారిన సంగతి అతనికి వినబడలేదు. వెనక్కి బాణం మీటలు కొడుతుంటే దారుల పేర్లు వర్ణనలో కలిసిపోయాయి. వర్ణన మధ్యలో కంట్రోల్ నొక్కి గొంతును ఆపేస్తే ఆ గది పొడుగైంది. ఏ మాట దగ్గర ఆపాడో రాసుకొని, ఇంటికి వెళ్లాక అక్కడినుంచి కోసేయండి.